మిగిలిన ఊపిరితో రైట్ రైట్

నాది పెద్ద గొంతు. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా బస్సెక్కే వాళ్ళంతా చెప్తారు. మనిషిని చూస్తే ఐదడుగులు కూడా ఉండను. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత నన్ను చూశాకే పుట్టిందని మా డిపోలో వేళాకోళం చేసేవారు. నేను పల్లె బస్సులో కండక్టర్ని. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి "జరుగుండ్రి, ముందల జాగ ఉన్నది, జరుగుండ్రి" అని ఒక్క కేక వేస్తే ముందు సీట్లో కునుకు తీస్తున్న పెద్దమనిషి కూడా ఉలిక్కిపడి జరిగేవాడు. కూర్చున్నవాడు జరగాల్సిన పనేమీ లేదు. అయినా జరిగేవాడు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే సందు లేదు, కాబట్టి కండక్టర్‌కు టికెట్ల మిషన్ కంటే గొంతే ఎక్కువ అవసరం. ఆ విషయంలో నాకు పోటీ లేదు.

మా అమ్మకు మాత్రం నా గొంతు చిన్నప్పటి నుంచీ సరిపడదు. అమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతుంది. పొద్దంతా పెదవి విప్పకుండా కూర్చోగలదు. మాట్లాడినా పక్కనున్నవాళ్ళకే వినబడదు, ఏమన్నావని రెండోసారి అడగాలి. అట్లాంటి మనిషి కడుపున నేను పుట్టాను. "ఆడిపోరికి గింత గొంతేందే, వాడకట్టంత ఇనవడ్తది" అని గదిమేది. నోరు మంచిదైతే ఊరు మంచిది అని సామెత చెప్పేది. నా నోరు మంచిదే, కాకపోతే కొంచెం పెద్దది. నాకు కండక్టర్ ఉద్యోగం వచ్చిన రోజు "పోనీ తియ్, నీ మొత్తుకునుడుకు జీతమన్న ఇస్తరు" అంది. మా అమ్మ దీవెనలు ఈ తీరుగానే ఉంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు టీబీ వచ్చింది. ఏడవలేదు, దాచలేదు. సర్కారు దవాఖానలో ఇచ్చిన గోళీలు ఒక్క పూట తప్పకుండా మింగాను. కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది, కంచం చూస్తే వాంతి వచ్చేది. అయినా కోర్సు మొత్తం పూర్తి చేశాను. తెమడ పరీక్షలో ఏమీ లేదని తేలాక "నయమైంది, ఇగ పో" అన్నారు. నేను నిజంగానే పోయాను. మళ్ళీ ఆ వైపు తిరిగి చూడలేదు. చిక్కిన ఒళ్ళు నిండింది, గొంతు ఎప్పటిలాగే మోగింది, మా ఆయన మస్కట్‌లో పనికి పోయాడు, కొడుకు హాస్టల్లో చేరాడు. టీబీ సంగతి నేను మరిచిపోయాను.

నాకు లోకంలో ఒక్కటే పగ, గుట్క. నిషేధం ఉందంటారు గానీ నా బస్సులో సగం మంది దవడల్లో అదే ఉంటుంది. కిటికీలోంచి ఉమ్మితే అది గాలికి తిరిగొచ్చి వెనక కిటికీలో కూర్చున్నవాళ్ళ మొహం మీద పడుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు, గుట్క తినేవాళ్ళకు తెలియదు. ఒకసారి పెళ్ళికి పోతున్న పిల్ల పట్టుచీర మీద పడింది. ఉమ్మినవాణ్ణి లింగంపేటలో దింపి, వాడి తువ్వాలతోనే బస్సు పక్కంతా తుడిపించాను. బస్సు అంతసేపు ఆగితే డ్రైవరన్న హారన్ కొట్టాడు గానీ నన్ను పిలిచే ధైర్యం చేయలేదు. ఆ తర్వాత నా బస్సు వస్తుంటే స్టేజీల దగ్గర మగవాళ్ళు ముందే ఉమ్మేసి నోరు తుడుచుకుని ఎక్కేవారు.

అట్లాంటి నాకు, టీబీ పోయిన కొన్నేళ్ళకు, ఒక వానాకాలం పొడిదగ్గు పట్టుకుంది. రోడ్డు దుమ్మనుకున్నాను. ఒకనాడు బస్సు నడుస్తుండగా దగ్గు తెరలా వచ్చి నోట్లో ఏదో వెచ్చగా, ఉప్పగా తగిలింది. తలుపు దగ్గర వంగి బయటికి ఉమ్మాను. ఎర్రగా పడింది. వేడి చేసిందనుకున్నాను. మన దగ్గర ఏ రోగమైనా మొదట వేడే కదా. ఇంటికెళ్ళి సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను, మజ్జిగ తాగాను, రెండు రోజులు బాగానే ఉంది. మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఒక్కోసారి రుమాలు తీసే లోపే వచ్చేది, అప్పుడు తలుపులోంచి ఉమ్మక తప్పేది కాదు.

ఒక మధ్యాహ్నం కామారెడ్డి డిపోలో మేనేజర్ సార్ పిలిపించాడు. నెమ్మదైన మనిషి, మాట తూచి మాట్లాడతాడు.

"అమ్మా, నీ మీద ఫోనొచ్చింది. బస్సు నడుస్తుంటే గుట్క నమిలి బయటికి ఉమ్ముతున్నవంట. ఒక్కపాలి కాదంట, శానాసార్లు చూసిండ్రంట."

రక్తం పడుతోందన్న భయం ఒక పక్క ఉండేది నిజమే గానీ, ఈ మాటకు వచ్చిన కోపం ముందు అది ఎంత?

"నేనా సార్? గుట్కనా? ఎవడు చెప్పిండు? పేరు చెప్పుండ్రి."

"పేరు చెప్పలే. ఆడోళ్ళు గూడ గుట్క తింటరా అని నవ్విండు."

నవ్వాడట! బ్యాగులోంచి రుమాలు తీసి ఆయన బల్ల మీద పరిచాను. పొద్దున్నే తెల్లగా ఉతికి తెచ్చుకున్న రుమాలు.

"చూడుండ్రి సార్. ఇది గుట్క లెక్క ఉన్నదా? వాసన చూడుండ్రి కావాలంటె. నేను గుట్క తినలేదని ముందుగాల రాసుకోండ్రి."

ఆయన వాసన చూడలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రుమాలు వంక, నా వంక చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, గుట్క అయితేనే మంచిగుండు."

ఆ మాటతో నా కోపం దిగిపోయి, దాని కింద దాక్కున్న భయం పైకి వచ్చింది. ఆయన ఆ పూట డ్యూటీకి ఇంకొకర్ని వేసి, నన్ను డిపో మనిషిని తోడిచ్చి దవాఖానకు పంపాడు. ఆ ఫోన్ చేసిన మహానుభావుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు. దొరికితే ముందు దండం పెట్టి, తర్వాత నాలుగు దులుపుతాను.

కామారెడ్డి దవాఖానలో ఛాతీ డాక్టరమ్మ నాకంటే చిన్నది. టీబీ తిరగబెట్టిందని నేనూ, నర్సులూ, మస్కట్‌లో ఫోన్ పట్టుకుని కూర్చున్న మా ఆయనా అందరం అనుకున్నాం. ఆమె అనుకోలేదు. తెమడ పరీక్ష చేయించింది, స్కానింగ్ తీయించింది. తెమడలో టీబీ పురుగు లేనే లేదు. స్కానింగ్ ఫిలిం వెలుతురుకు పెట్టి, కుడి వైపు పైన ఒక నల్లటి గుంతను, అందులో తెల్లటి ఉండను వేలుతో చూపించింది.

"టీబీ పోయింది. పోతూ పోతూ ఇక్కడ గుంత చేసి పోయింది. కిరాయికున్నోళ్ళు ఖాళీ చేసిన ఇంట్ల బూజు పడ్తది చూడు, గట్ల ఆ గుంతల బూజు పెరిగి ఉండ కట్టింది. దాని చుట్టు రక్తనాళాలు ఉబ్బి పలచగైనయి. దగ్గితే చిట్లుతున్నయి."

"మందులతోటి పోదా మేడం?"

"రక్తం కొన్నాళ్ళు ఆగొచ్చు. ఉండ పోదు. పెద్ద నాళం చిట్లిందంటె చెంబెడు రక్తం పడ్తది. అప్పుడు రక్తం పోయినందుకు కాదు మనిషి పొయ్యేది, ఆ రక్తం ఊపిరికి అడ్డం పడి పోతది. ఊపిరితిత్తిల ఆ భాగం తీసెయ్యాలె. హైదరాబాద్ పొయ్యి చేయించుకో."

ఇంకో మాట కూడా చెప్పింది. ఎప్పుడన్నా ఎక్కువ రక్తం పడితే కుడి పక్కకే ఒరిగి పడుకోమంది. చెడిపోయిన పక్క కింద ఉండాలి, అప్పుడే మంచి పక్కకు రక్తం పారదు. ఆ మాట నేను మనసులో మేకు కొట్టినట్టు పెట్టుకున్నాను.

"మేడం, నా గొంతు ఉంటదా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "అందరు బతుకుతనా అని అడుగుతరు. నువ్వు గొంతు అడుగుతున్నవ్."

"బతికిస్తరని ఎరుకే. అందుకే గొంతు అడుగుతున్న."

"గొంతుకేం గాదు, అది పైనుంటది. గాని మొత్తుకునేటందుకు గాలి కావాలె గదా. కుడి ఊపిరితిత్తిల మూడు భాగాలుంటయి. ఒకటి తీస్తరు. ఉన్న రెండు సాగి ఆ జాగ నింపుతయి. ఎంత గాలి వస్తదనేది ఆపరేషన్ తర్వాత నువ్వు చేసే కసరత్తు మీద ఉంటది."

కసరత్తుకు నేను భయపడను. ఆపరేషన్‌కూ భయపడలేదు. నేను భయపడింది మా అమ్మకు.

"ఊపిరి కోసుకుంటరానె ఎవరన్న?" అంది అమ్మ. "కాలు తీసినా చెయ్యి తీసినా మనిషి ఉంటడు. ఊపిరి తీస్తె ఏముంటది? నౌకరి ఇడిసిపెట్టు. ఇంట్ల కూసో. నా తోని బీడీలు చెయ్యి. బీడీలకు గొంతు అక్కెర లేదు, ఊపిరి గూడ అంత అక్కెర లేదు."

మర్నాటికి బజారుకు పోయి కొత్త చాట కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. పచ్చి వెదురు వాసన వేస్తోంది. అమ్మ పనిని నేను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ఆ చాటే నన్ను డిగ్రీ చదివించింది. కానీ ఆ కొత్త చాటను చూసినప్పుడు, రుమాలు మీద రక్తం చూసినప్పుడు కలగని భయం కలిగింది. గోడకు ఆనుకుని, తంబాకు దుమ్ములో తల వంచుకుని, ఎవరి మీదా అరవకుండా, ఎవర్నీ జరగమనకుండా నా మిగతా బతుకంతా కనబడింది. నాకు బస్సు కావాలి. తలుపు దగ్గర నిలబడితే మొహానికి కొట్టే గాలి కావాలి. నా కేకకు నలభై మంది కదలాలి. అది లేకపోతే నేనెవర్ని? బీడీలు కూడా సరిగ్గా చుట్టడం రాదు నాకు, దారం తెంపేస్తాను.

ఆ మాట అమ్మతో అంటే ఏడ్చింది. మా ఆయన ఫోన్‌లో "మీ అమ్మ చెప్పినట్టు ఇను" అన్నాడు. దవాఖాన తేదీని పండగ తర్వాత అని, మక్కలు కోశాక అని జరుపుతూ వచ్చాను. రక్తం కూడా మందులకు తగ్గి నాతో సహకరించింది. సెలవు అయిపోగానే, మందులతో రక్తం ఆగిందని ఎల్లారెడ్డిలో ఇంకో డాక్టర్ దగ్గర రాయించుకున్న చీటీ చూపించి డ్యూటీలో చేరాను. ఆపరేషన్ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమని డాక్టరమ్మ చెప్తూనే ఉంది. నేను వింటే కదా.

ఒక పొద్దున ఎల్లారెడ్డి నుంచి బయలుదేరిన బస్సులో సూది వేస్తే కింద రాలదు. లింగంపేట దాటాక అడవి మొదలయ్యే చోట, ఒకామె ఉచిత టికెట్‌కు చూపించాల్సిన ఆధార్ కార్డు వెతుక్కుంటుంటే "ఎక్కకముందు తీసి పెట్టుకోరాదూ" అని అరవబోయాను. నోట్లోంచి మాటకు బదులు రక్తం వచ్చింది. రుమాలు నిండింది, రెండు చేతుల దోసిలి నిండింది, చొక్కా మీద పడింది. బస్సులో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. టికెట్ మిషన్, డబ్బుల బ్యాగు మెడలోంచి తీసి ముందుకు అందించాను. అవి చేతులు మారుతూ డ్రైవరన్న దగ్గరకు చేరేదాకా చూస్తూనే ఉన్నాను. రక్తం కక్కుతూ కూడా బ్యాగు ఎటు పోయిందో చూసేదాన్నే కండక్టర్ అంటారు.

తర్వాత ఆడవాళ్ళు నన్ను వెనక పొడుగు సీటు మీద పడుకోబెట్టారు. ఏ వైపు నొప్పి అని అడిగితే కుడి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాను. అంతే, అందరూ కలిసి నన్ను ఎడమ పక్కకు తిప్పారు.

"నొప్పి దిక్కు బరువు పెట్టొద్దు. గిటు పండుకో బిడ్డ, గిటు."

మంచి మనసుతోనే చేశారు. బాధ ఉన్న పక్క మీద ఒరగకూడదని మనందరికీ తల్లులు నేర్పిందే. కానీ అట్లా తిప్పగానే లోపల గుడగుడమని రక్తం మంచి పక్కకు దారి పట్టడం నాకు తెలిసింది, ఊపిరి సగంలో ఆగింది. డాక్టరమ్మ మాట చెప్పాలి. చెప్పడానికి నోరు లేదు. బతుకంతా అరిచినదాన్ని, అరవాల్సిన ఆ ఒక్క ఘడియలో నోటి నిండా రక్తం పెట్టుకుని ఉన్నాను. సీటు కడ్డీ పట్టుకుని నేనే కుడికి తిరిగాను. వాళ్ళు మళ్ళీ ఎడమకు తిప్పారు. మళ్ళీ తిరిగాను. "అయ్యో, తెలివి తప్పి పొర్లుతున్నది" అని ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. బస్సు ఆపాలంటే కండక్టర్లం రేకు మీద కొడతాం కదా, అట్లా పక్కనున్న రేకు మీద అరచేత్తో దబదబా బాది, నన్ను తిప్పుతున్న చేతిని తోసేసి, కుడికి తిరిగి కడ్డీని రెండు చేతులా కరుచుకున్నాను.

అప్పుడు గాంధారి వైపు తండా ముసలమ్మ ఒకామె, అద్దాల రవికెతో ఉంది, అందర్నీ మోచేతులతో నెట్టుకుంటూ వచ్చింది.

"ఇడువుండ్రి. ఆమె గిటే పండుకుంట అంటున్నది, ఆమె పెయ్యి సంగతి ఆమెకు ఎరుక. గిటే ఉండనియ్యుండ్రి."

తన ఒడి నా తల కింద పెట్టి, రక్తం బయటికి కారేటట్టు నా మొహం కిందికి వంచి పట్టుకుంది. ఊపిరి సన్నగా మొదలైంది. దారి పొడుగునా ఆమె గాజులు నా చెవి దగ్గర గలగలమంటూనే ఉన్నాయి.

డ్రైవరన్న ఎక్కడా ఆపలేదు. తాడ్వాయిలో దిగాల్సినవాళ్ళు కూడా ఆ పొద్దు కామారెడ్డిలోనే దిగారు. ఒకాయన తన స్టేజీ పోయిందని నోరు తెరిచాడట. ఆడవాళ్ళంతా తిరిగి చూసిన చూపుకు తెరిచిన నోరు అట్లాగే మూసుకున్నాడట. బస్సు హారన్ కొట్టుకుంటూ నేరుగా దవాఖాన గేట్లోకి పోయింది. ఇది డ్రైవరన్న తర్వాత ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

అక్కణ్ణుంచి అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకుపోయారు. తొడ దగ్గర సన్నని గొట్టం ఎక్కించి, రక్తనాళాల్లోంచే ఛాతీ దాకా పంపి, చిట్లిన నాళాన్ని లోపలి నుంచే మూసేశారు. రక్తం ఆగింది. అమ్మ చేతులెత్తి దండం పెట్టి, "ఇగ ఇంటికి పోదాం" అంది. సర్జన్ తల అడ్డంగా ఊపాడు. నడివయసు మనిషి, జుట్టు నెరిసింది.

"ఇది గండి పడితే ఇసుక బస్తాలు వేసుడు, అవ్వా. ఆగుతది, మళ్ల కొట్టుకపోతది. చెడ్డ ముక్క తీస్తేనే పని అయితది."

"ఊపిరి తీస్తె నా బిడ్డకు ఏముంటది సారూ?"

"ఆ ముక్క ఊపిరి తీసుకుంటనే లేదు అవ్వా. ఉత్తగ జాగ పట్టుకొని ఉన్నది."

నాకు చటుక్కున వెలిగింది. అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, బస్సు ఆగంగనే కిటికీలకెల్లి తువ్వాల ఏసి సీటు పట్టుకుంటరు చూడు. మనిషి ఎక్కడు. వేరేటోళ్ళను కూసోనియ్యడు. నా లోపల గా తువ్వాలనే ఉన్నది. గసుంటి తువ్వాలలు నేను ఎన్ని తీసి అవతల పారెయ్యలే? ఇదొక్కటి సారు తీస్తడు."

అమ్మ సర్జన్ వైపు తిరిగి, "తువ్వాల ఒక్కటే తియ్యి సారూ, పక్కసీట్లోల్లను లేపకు" అంది. ఆయన నవ్వలేదు. చాలా మర్యాదగా "లేప, అవ్వా" అన్నాడు.

ఆపరేషన్ గది గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, చలిగా ఉంది, నిద్రపోయాను. లేచిన తర్వాతి సంగతే నాకు బాగా గుర్తు. వీపు నుంచి చంక కిందుగా మంట, పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం, దాని చివర సీసాలో బుడగలు. అమ్మ మంచం పక్కనే ఉంది. "అమ్మా" అన్నాను. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. మళ్ళీ అన్నాను. ఎండుటాకు మీద గాలి పోయినంత చప్పుడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజుల్లో ఏడ్చింది అప్పుడే. ఏడుపుకు కూడా చప్పుడు లేదు, అది ఇంకా దుఃఖం. ఊపిరి గొట్టం వేసినందువల్ల గొంతు బొంగురు పోయిందనీ, కొన్నాళ్ళకు వస్తుందనీ నర్సు చెప్పింది. నేను నమ్మలేదు. అమ్మ అసలే నమ్మలేదు.

"మాట్లాడవే బిడ్డా" అని నా మొహంలో మొహం పెట్టి బతిమాలింది. "జర గట్టిగ మాట్లాడు. ఎప్పటి లెక్క మాట్లాడు. ఇగ నేను ఏమన తియ్."

నన్ను గట్టిగా మాట్లాడమని మా అమ్మ అడగడం! అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి. సర్జన్ పిల్లలు ఆడుకునే గోళీల్లాంటి బంతులు మూడు ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. దాని గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి లాగితే గోళీలు పైకి లేవాలి. మొదట ఒక్క గోళీ కూడా సరిగ్గా లేవలేదు. దిండును ఛాతీకి అదుముకుని దగ్గమన్నారు, దగ్గాను. నడవమన్నారు, సీసా చేత్తో పట్టుకుని వరండా అంతా నడిచాను. వార్డులో అందరికన్నా నేనే ముందు లేచేదాన్ని. బస్సు డ్యూటీ కంటే ఇదేం కష్టం? నెమ్మదిగా రెండో గోళీ కదిలింది. ఒక సాయంత్రం "అమ్మా, నీళ్ళు" అంటే నీళ్ళనే మాట గరగరలాడుతూ బయటికి వచ్చింది. అమ్మ నీళ్ళు ఇవ్వడం మరిచిపోయి వార్డులో అందరికీ చెప్పి వచ్చింది. తీసిన ముక్కను పరీక్షకు పంపితే టీబీ లేదు, బూజే అని తేలింది. డాక్టరమ్మ ఫిలిం చూసి చెప్పిందే నిజమైంది.

ఇంటికి వచ్చాక కొత్త చాట మేకుకు వేలాడుతోంది. నేను దాని వైపు చూడకుండా రోజూ ఎల్లారెడ్డి బస్టాండ్ దాకా నడిచి, వచ్చే పోయే బస్సులను కాసేపు చూసి తిరిగొచ్చేదాన్ని. మొదట్లో దారిలో రెండు మూడు చోట్ల ఆగేదాన్ని, తర్వాత ఆగలేదు. మూడో గోళీ లేచిన రోజు ఇంటి వెనక నిలబడి "జరుగుండ్రి" అని మెల్లగా అని చూశాను. పక్కింటి కోళ్ళు జరిగాయి. మనుషుల సంగతి తేలాలి.

డిపోలో మేనేజర్ సార్ "ఆఫీసుల కూసోని చేసే పని ఇస్తనమ్మా, నీకు అలుపుండది" అన్నాడు. మంచి మనిషి. "ఆఫీసుల నా గొంతు దండుగ సార్" అన్నాను. డాక్టర్ల ముందు మెట్లెక్కాను, దిగాను, ఊదాను, లాగాను. పనికొస్తానని రాసిచ్చారు. పనికొస్తానని నాకు ముందే తెలుసు, కాగితం వాళ్ళకోసం.

డ్యూటీలో చేరిన మొదటి రోజు ఎల్లారెడ్డి బస్టాండ్‌లో నేను బస్సెక్కేసరికి డ్రైవర్ వెనక సీట్లో మా అమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులట, కామారెడ్డిలో చూపించుకోవాలట. అంతకుముందు ఎన్నడూ మోకాళ్ళ మాట ఎత్తిన మనిషి కాదు.

"కార్డు?" అన్నాను.

"కన్నతల్లిని గూడ కార్డు అడుగుతవా?"

"కన్నతల్లికైనా కార్డు సూపియ్యనిది టికెట్ రాదు."

గొణుక్కుంటూ తంబాకు వాసన వేసే సంచిలోంచి ఆధార్ కార్డు తీసింది. నేను టికెట్ కొట్టిచ్చి వెనక తలుపు దగ్గరికి పోయాను. లింగంపేటలో గుంపు ఎక్కింది. మక్క బస్తాలు, చంకలో పిల్లలు, బుట్టలు, చదువుకునే పిల్లలు. తలుపు దగ్గర ఇరుక్కుపోయారు, కింద ఇంకా పదిమంది. ముందంతా ఖాళీ, ఎప్పుడూ అంతే. అందరూ నా వైపు చూశారు. తెలిసినవాళ్ళు కొందరు మొహాలు తిప్పుకున్నారు, నేను అరవలేకపోతే చూడటం ఇష్టం లేక. ఊపిరి లోపలికి లాగాను. చంక కింద కుట్టు చోట పట్టేసింది. ఇంకా లాగాను. మూడు గోళీలూ పైకి లేచినంత లాగాను.

"జరుగుండ్రి! ముందల జాగ ఉన్నది, జరుగుండ్రి!"

బస్సు బస్సంతా కదిలింది. కూర్చున్నవాళ్ళు కూడా జరిగారు. ఎవడో కిటికీలోంచి ఉమ్మబోయి మింగేశాడు. మా అమ్మ పక్కన కూర్చున్న ముసలామె చెవులు మూసుకుంది.

"ఏం గొంతమ్మ గీమెది, పాడుగాను! చెవులు పలిగిపోవట్టె."

అప్పుడు నేను విన్నాను. ముందు సీట్లోంచి, ఆ గుంపంతా దాటుకుని, బస్తాల మీదుగా, పిల్లల ఏడుపుల మీదుగా వెనక తలుపు దాకా వినబడింది.

"అది నా బిడ్డ! ఊపిరి ముక్క తీసేసిండ్రు దానికి. ఉన్నదాంతోనే గింత మొత్తుకుంటది. గా ముక్క గూడ ఉంటె మీల ఒక్కరు బస్సుల ఉండకపోదురు!"

మా అమ్మ అంత గట్టిగా మాట్లాడగలదని నాకు ఆ రోజు దాకా తెలియదు.